ఏ స్త్రీ కోసం స్త్రీవాదం?

స్త్రీ అనగానే మన మనసులో ఎవరు మెదులుతారు? కువైట్‌లోని తెలుగు కుటుంబాలను ఈ మాట అడిగితే, జవాబు వీసా నంబరును బట్టి మారుతుందేమో! 22 నంబరు వీసా మీద భర్తతో ఉంటున్న గృహిణులు మనలో ఉన్నారు. 18 మీద ప్రైవేటు కంపెనీల్లో, క్లినిక్‌లలో ఉద్యోగాలు చేస్తున్నవారున్నారు. 20 మీద వచ్చి ఇళ్ళలో వంట, శుభ్రం, పిల్లల పెంపకం చూసే కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్ళున్నారు. అందరూ స్త్రీలే, అందరూ తెలుగువారే. కాని అందరి కష్టమూ ఒకటి కాదు.

నేను 22 మీద వచ్చి, కొన్నేళ్ళకు 18కి మారినదాన్ని. చదువుండీ ఉద్యోగం చేసే వీలు లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో, స్త్రీ స్వాతంత్ర్యమంటే నాకు ఉద్యోగమే. ఆ రోజుల్లోనే మాలియాలో రాయచోటి వైపు అక్క ఒకామె పరిచయమైంది. రెండు మూడు నెలలకొకసారి ఇంటికి డబ్బు పంపడానికి వచ్చేది. నా గోడు విని నవ్వి ఇలా అంది: "మీకేమో పనికి పోనీరని బాధ మేడమ్, నాకేమో పని మాననీరని బాధ."

స్త్రీవాదంలో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న చర్చంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ చిక్కుకు 1989లో అమెరికాలో కింబర్లీ క్రెన్షా అనే నల్లజాతి న్యాయశాస్త్ర అధ్యాపకురాలు 'ఇంటర్‌సెక్షనాలిటీ' అని పేరు పెట్టారు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిన మనిషికి ఏ వైపు నుంచయినా బండి తగలవచ్చు, ఒకేసారి రెండు వైపుల నుంచీ తగలవచ్చు అన్నది ఆమె పోలిక. ఆమె ఎత్తిచూపిన కేసు ఒకటుంది. జనరల్ మోటార్స్ కంపెనీ మీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు దావా వేస్తే 1976లో కోర్టు వారి వాదన ఒప్పుకోలేదు. కంపెనీలో స్త్రీలు ఎప్పటినుంచో ఉన్నారు కదా అంది. ఉన్నది తెల్లజాతి స్త్రీలు! స్త్రీలుగా అడగండి, లేదా నల్లవారిగా అడగండి, రెండూ కలిపి అడగడం కుదరదన్నది ఆ తీర్పు సారాంశం.

మన తెలుగులోనూ ఈ చర్చ గట్టిగానే సాగింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' స్త్రీవాద కవితా సంకలనం వచ్చింది. ఇంటిచాకిరీ గురించీ, శరీరం గురించీ స్త్రీలు నోరు విప్పి మాట్లాడిన కాలమది. ఆ వెనుకే చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, షాజహానా వంటి దళిత, ముస్లిం రచయిత్రులు తమ బతుకు కూడా స్త్రీ బతుకే కదా అని నిలదీశారు. గోగు శ్యామల 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని 'నల్లపొద్దు'గా కూర్చారు.

ఇక మనం ఉంటున్న దేశం సంగతి. కువైట్ స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడి 2005 మే 16న ఓటుహక్కు సాధించారు. 2009లో నలుగురు స్త్రీలు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. అది గొప్ప విజయం. అయితే ఆ దేశపు ఆడపడుచుల ఇళ్ళలో పనిచేసే పరదేశపు ఆడపడుచుకు ఆ రోజుతో ఏమీ మారలేదు. 2010లో వచ్చిన ప్రైవేటు రంగ కార్మిక చట్టం రోజుకు 8 గంటల పని అంది, కాని ఇంటిపనివారిని తన పరిధిలోకి తీసుకోలేదు. వారికంటూ 68వ నంబరు చట్టం 2015లో వచ్చింది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, ఏడాదికొక నెల జీతం చొప్పున సర్వీసు ముగింపు సొమ్ము దక్కాలని ఆ చట్టం చెబుతోంది. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదు.

మన దేశం కూడా 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళు ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళరాదని నిబంధన పెట్టింది. ఇది రక్షణ అని కొందరు, ఆడదాని కాళ్ళకు వేసిన సంకెల అని కొందరు అంటారు. దొంగదారిన వచ్చినవారికి ఏ రక్షణా ఉండదు కనుక నేను రెండో మాట వైపు మొగ్గుతాను. కాని ఈ వాదనలో ఆ 25 ఏళ్ళ పేద తల్లి గొంతు మాత్రం వినిపించదు.

"అన్ని సమస్యలూ నెత్తిన వేసుకుంటే ఉద్యమం పలచబడదా? జీతం, సెలవు కార్మికుల సమస్యలు కావా?" అని మన మహిళా విభాగంలోనే ఒక సోదరి అడిగారు. ఆ అనుమానం తీసిపారేయదగ్గది కాదు. నా జవాబు ఇది. ఒక స్త్రీ ఉద్యోగానికి వెళ్ళగలగాలంటే ఆమె వంటింట్లోకి మరో స్త్రీ రావలసివస్తోంది. మొదటి స్త్రీ స్వేచ్ఛకు రెండో స్త్రీ సెలవు వెల అవుతున్నప్పుడు, అది మన సమస్య కాదని ఎలా అనగలం? ఇక్కడ పేచీ ఆడ మగ మధ్యనే లేదు, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కూడా ఉంది. అందుకే దాని గురించి మాట్లాడటం కష్టం, అందుకే మాట్లాడాలి.

మన సంఘానికి నా మనవి మూడే మాటలు. మన ఇళ్ళలో పనిచేసే అమ్మకు చట్టం ఇచ్చిన సెలవు మనమైనా ఇద్దాం. పండుగ సభకు సభ్యత్వంతో పని లేకుండా, వంట సాయానికి కాక అతిథిగా ఆమెను పిలుద్దాం. మహిళా దినోత్సవం నాడు ముగ్గుల పోటీతో పాటు 68వ చట్టంలోని హక్కులను తెలుగులో చదివి వినిపించే గంట ఒకటి పెడదాం.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ ఉంటేనే పచ్చడి. స్త్రీలందరూ ఉంటేనే స్త్రీవాదం. సభ్యులందరికీ, సభ్యత్వం లేని మా అక్కచెల్లెళ్ళకూ ఉగాది శుభాకాంక్షలు.