పనిబల్లకు నూనె మంచిదే, గుడ్డలతోనే జాగ్రత్త!

కోకాపేట: హెచ్‌ఎండీఏ 2023 ఆగస్టులో జరిపిన వేలంలో ఇక్కడి నియోపోలిస్ భూమి ధర ఎకరా నూరు కోట్ల రూపాయలు దాటింది. ఒకప్పటి పల్లెలో ఇప్పుడు అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. ఊళ్లో వేపచెట్టు కిందనైనా, ఆకాశమంత మేడలోనైనా వడ్రంగికి పనిబల్ల తప్పదు. బల్ల నీటికి, మురికికి చెడకుండా అవిసె నూనె పట్టించడం పాత పద్ధతే. పది రోజులైనా జిగట వదలకపోతే ఏం చేయాలి?

తప్పు ఎక్కడ?

అవిసె నూనె నీరులా ఆవిరైపోదు. గాలిలోని ప్రాణవాయువును పట్టుకుని గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన పొర కట్టి, అడుగున పచ్చిగానే ఉండిపోతుంది. పచ్చి నూనె ఆరడానికి వారాలు పట్టవచ్చు. రంగుల దుకాణాల్లో దొరికే బాయిల్డ్ నూనె త్వరగా ఆరుతుంది. కొబ్బరి నూనె, ఆముదం ఎన్నాళ్లున్నా ఆరవు. తుమ్మ చెక్కపై తడి ఇనుము ఆనితే నల్ల మరక పడుతుంది. అది నూనె దోషం కాదు.

బాగుచేసే తీరు

జిగట కొత్తదైతే టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో రుద్ది తుడిస్తే చాలు. ముదిరిపోతే రేకుతో గీకి, గరుకు కాగితం పట్టాలి. తర్వాత పలుచగా నూనె పూసి, పావుగంట ఆగి, మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. అది పూర్తిగా ఆరాకే రెండో పూత. వానాకాలంలో మరికొన్ని రోజులు ఆగాలి.

అగ్గిపుల్ల లేకుండానే మంట

నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. బల్ల మీది వేడి గాలికి పోతుంది. ఉండచుట్టి మూల పడేసిన గుడ్డలో అది పోయే దారి లేదు. కొన్ని గంటల్లో గుడ్డ దానంతట అదే రాజుకోవచ్చు. పక్కన రంపపు పొట్టు ఉంటే చెప్పనక్కరలేదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1991 ఫిబ్రవరి 23న ఇలాగే జరిగింది. 38 అంతస్తుల భవనంలో, 22వ అంతస్తున చెక్కపనివారు వదిలివెళ్లిన అవిసె నూనె గుడ్డలు అంటుకున్నాయి. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. 30వ అంతస్తులో నీళ్లు చిమ్మే గొట్టాలు ఉండబట్టి మంటలు అక్కడ ఆగాయి.

కాబట్టి నూనె గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి, గట్టిపడేవరకు ఆరనివ్వాలి. లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత బిగించాలి. పొట్టు బస్తాలో వేయరాదు. సాయంత్రం తాళం వేసే ముందు గుడ్డలన్నీ లెక్క చూసుకోవాలి.