పాంపేయి వీధుల్లో స్కూలు పిల్లలు

వసంతకాలంలో నేపుల్స్ నుంచి పాంపేయికి వెళ్లే లోకల్ రైలెక్కారో, సీటు మాట మర్చిపోవచ్చు. భుజాన బ్యాగులు, చేతుల్లో తినుబండారాలు, ఒకటే కేరింతలు! ఇటలీ పిల్లలే కాదు, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీల నుంచి కూడా టీచర్లు పిల్లల్ని వెంటేసుకుని వస్తుంటారు. మన స్కూళ్లకి హంపీ, నాగార్జునకొండ ఎలాగో వాళ్లకి పాంపేయి అలాగ. కాకపోతే ఇక్కడ అసలు చూడాల్సింది కోటలూ సింహాసనాలూ కాదు, మామూలు జనం కాపురాలు చేసుకున్న ఊరు.

బ్రిటన్ పిల్లల్లో చాలామందికి ఈ ఊరు ముందే పరిచయం. అక్కడి స్కూళ్లలో పేరున్న కేంబ్రిడ్జ్ లాటిన్ వాచకం మొదలయ్యేదే పాంపేయిలో, కేకిలియస్ అనే వడ్డీ వ్యాపారి ఇంట్లో. ఆయన నిజంగా బతికిన మనిషే. 1875లో ఆయన ఇంట్లో మైనం పూసిన చెక్క పలకలు నూటయాభైకి పైగా దొరికాయి. అన్నీ వేలంపాటల లెక్కలు, చెల్లింపుల రసీదులు. పాఠంలో చదివిన మనిషి గుమ్మం ముందు నిలబడితే ఏ పిల్లాడికైనా ఒళ్లు పులకరించదూ!

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఈ ఊరిని బూడిద కింద పూడ్చేసింది. ఆగస్టు 24న అని పాత పుస్తకాల్లో ఉంటుంది. 2018లో ఒక గోడ మీద బొగ్గుతో రాసిన అక్టోబరు తేదీ బయటపడ్డాక చాలామంది పండితులు అక్టోబరు వైపే మొగ్గుతున్నారు. ఇదంతా కళ్లారా చూసి రాసిపెట్టిన సాక్షి ఎవరో తెలుసా? 17 ఏళ్ల కుర్రాడు, చిన్న ప్లినీ. సముద్రం అవతలి ఒడ్డున మిసేనంలో ఉన్నాడు. నౌకాదళాధిపతి అయిన మేనమామ ఓడలో బయల్దేరుతూ ‘నువ్వూ వస్తావా’ అంటే, చదువుకోవాలి రానన్నాడట! వెళ్లిన మామ తిరిగి రాలేదు. హోంవర్కు ప్రాణం కాపాడిందని టీచర్లు ఈ కథ చెబితే పిల్లలు నమ్మరు గానీ, ఇది ఆ కుర్రాడు పెద్దయ్యాక టాసిటస్‌కి రాసిన ఉత్తరంలోనే ఉంది.

వీధుల్లోకి వెళ్తే బండి చక్రాలు అరగదీసిన గాళ్లు, వాటి మధ్య రోడ్డు దాటడానికి ఎత్తు రాళ్లు. పిల్లలు ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి గెంతకుండా ఉండరు. వేడి తిండి అమ్మిన కొట్ల అరుగులు, గోడల మీద ఎన్నికల ప్రచారం, ఒక ఇంటి గుమ్మంలో ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని రంగురాళ్లతో హెచ్చరిక. ఒక రొట్టెల బట్టీలో 81 రొట్టెలు బొగ్గై దొరికాయి.

కేరింతలు ఆగేది ఒక్కచోటే. చనిపోయినవాళ్ల శరీరాలు పోగా గట్టిపడ్డ బూడిదలో మిగిలిన ఖాళీల్లోకి ప్లాస్టర్ పోసి, 1863లో ఫియొరెల్లి వాళ్ల ఆకారాలు బయటికి తీయించాడు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. చేతికి బంగారు కంకణంతో ఒకరు, ఒడిలో ఒక పసివాడు కనిపిస్తే, తల్లీబిడ్డలని ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. 2024లో డీఎన్ఏ పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆ పెద్ద మనిషి మగవాడట, ఆ పసివాడితో రక్తసంబంధమే లేదట! మరి ఎవరు? ఎందుకు ఒళ్లోకి తీసుకున్నాడు? నన్నడిగితే, టీచరు పిల్లలతో కూర్చుని మాట్లాడాల్సింది ఇక్కడే. ఆ ఆకారాల పక్కన నిలబడి సెల్ఫీలు దిగే పెద్దవాళ్లని చూసి పిల్లలు ఏం నేర్చుకుంటారో మరి.

మనవాళ్లు వెళ్తే నేపుల్స్ పురావస్తు మ్యూజియం వదలొద్దు. 1938లో పాంపేయిలో దొరికిన దంతపు బొమ్మ అక్కడుంది. జానెడు పైచిలుకు ఎత్తు, ఒంటినిండా నగలు, అచ్చం మన దేశపు పనితనం. లక్ష్మీదేవి అన్నారు, యక్షిణి అయ్యుండొచ్చని ఇప్పుడంటున్నారు. దక్కన్‌లో శాతవాహనుల కాలమది. మన గుంటూరు, నల్గొండ ప్రాంతాల్లో రోమన్ నాణేలు దొరికాయంటే, సరుకు అటూ ఇటూ తిరిగినట్టేగా! అయితే ఆ బొమ్మ ఉన్నది శృంగార శిల్పాల గదిలో. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే కనుక్కోవడం మంచిది.

పాంపేయిలో 18 ఏళ్లలోపు వాళ్లకి టికెట్ లేదు. రద్దీ భరించలేక 2024 నవంబరు నుంచి రోజుకి 20 వేల మందికే ప్రవేశం అన్నారు. నీడ తక్కువ, టోపీ తప్పనిసరి. ఊళ్లో దాదాపు మూడోవంతు ఇంకా తవ్వనేలేదు.

వెసూవియస్ చివరిసారి పేలింది 1944లో. దాని చుట్టూ రెడ్ జోన్‌లో ఇప్పుడు సుమారు 7 లక్షల మంది ఉంటున్నారు. కొండ మళ్లీ కదిలే సూచన కనిపిస్తే 72 గంటల్లో అందర్నీ తరలించాలని ప్రభుత్వ ప్రణాళిక. ఆ ఊళ్ల స్కూళ్ల నుంచి కూడా పిల్లలు పాంపేయి చూడ్డానికి వస్తారు. సాయంత్రం తిరిగి వెళ్లేది ఆ కొండ కిందికే.