గాజు జాడీల నాటి మా బాల్యం

భిలాయి ఉక్కునగరంలోని సెక్టర్ 6లో పెరిగిన మా వంటివారికి బాల్యమనగానే మొదట స్ఫురించేది కొలుముల ఎర్రని వెలుగు కాదు, షిఫ్టు సైరన్ మోతా కాదు. మార్కెట్‌లోని ఒక చిన్న దుకాణంలో, చెక్కబల్లపై వరుసగా నిలిచిన అయిదారు గాజు జాడీలు స్ఫురిస్తాయి. వాటి రేకు మూతలు తిప్పినపుడు వచ్చే కిర్రుమనే చప్పుడు ఇప్పటికీ మా చెవులలో ఉన్నది.

మా నాన్నగారి తరంవారు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఇక్కడికి వచ్చినవారు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన దరిమిలా, కర్మాగారంతోపాటు సెక్టర్లూ పెరిగాయి. మా సెక్టర్‌లో మసీదు, గురుద్వారా, కాళీబాడీ ఒకదానికొకటి నడిచిపోగల దూరంలో ఉన్నాయి. ఒకే వీధిలో బెంగాలీ, పంజాబీ, మలయాళీ, ఛత్తీస్‌గఢీ పిల్లలతో ఆడుకునేవారము. భాషలు వేరైనా దుకాణం ముందర అందరి భాషా ఒకటే. అరచేతిలోని నాణెం చూపి, వేలితో జాడీని చూపేవారము.

ఆ నాణేలను గురించి కొంచెం చెప్పుకోవాలి. గుండ్రని మూలలతో నలుచదరంగా ఉండే అయిదు పైసలు, అంచు అలలుగా ఉండే పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు. అన్నీ అల్యూమినియంవే, ఊదితే ఎగిరిపోతాయేమో అన్నంత తేలిక. ఉక్కు చేసేవారి బిడ్డలమై ఇంత తేలిక లోహంతో బేరమాడడమేమిటని మా నాన్నగారు పరిహాసం చేసేవారు. అయిదు పైసలకు ఒక నారింజ బిళ్ళ వచ్చేది. దానిని దుకాణదారు ‘సంత్రా గోలీ’ అనేవాడు, అమ్మ ‘పిప్పరమెంటు’ అనేది. ఏ రుచిదైనా, ఏ రంగుదైనా మా ఇంటిలో తీపి బిళ్ళలన్నీ పిప్పరమెంట్లే. నిమ్మతొనల ఆకారంలో పంచదార అద్దినవి పసుపు, ఎరుపు రంగులలో వేరొక జాడీలో ఉండేవి. అవి నాలుకకు రంగు వేసేవి గనుక తిన్నట్లు ఇంటిలో దాచడం అసాధ్యం.

కాగితం చుట్టిన సరుకు మరొక తరగతి. అది పదిపైసల పైమాట. 1929లో బొంబాయిలోని విలేపార్లేలో నెలకొన్న పార్లే సంస్థ వారి పాపిన్స్, కిస్మీ, ఆ తరువాత 1983లో వచ్చిన మెలొడీ. మహారాష్ట్రలో వాల్‌చంద్ హీరాచంద్ గారు స్థాపించిన రావల్‌గావ్ వారి పాన్ పసంద్. వీటన్నిటి నడుమ ఒక జాడీని చూపి అమ్మ “ఇది మనది” అనేది. అది న్యూట్రిన్. 1952లో చిత్తూరులో బి. వెంకటరామారెడ్డి గారు ప్రారంభించిన సంస్థ అది. మహా లాక్టో కాగితం మీద చిత్తూరు పేరును వెదికి పట్టుకోవడం మాకొక ఆట. బడిలో తెలుగు లేని మాకు ఆంధ్రదేశం సగం బంధువుల ఉత్తరాలలోనూ, సగం ఆ కాగితంమీదా ఉండేదంటే అతిశయోక్తి కాదు. ఆ సంస్థను 2006లో గోద్రెజ్ వారు తీసుకున్నారు. రావల్‌గావ్ తీపి బిళ్ళల పేర్లు 2024లో రిలయన్స్ పరమయ్యాయి. పేర్లు మిగిలాయి, ఇళ్ళు మారాయి.

బిళ్ళ తయారీ ఎట్లాగో మాకు మొదట వివరించినది రైలు పట్టాల మిల్లులో పనిచేసిన నాన్నగారే. పంచదారను, ద్రవరూపంలోని గ్లూకోజును కలిపి సుమారు 150 డిగ్రీల వరకు మరిగిస్తారు. నీరు దాదాపుగా ఇగిరిపోతుంది. పంచదార తిరిగి పలుకులు కట్టకుండా గ్లూకోజు అడ్డుపడుతుంది. ఆ పాకాన్ని చల్లని బల్లపై పోసి, పులుపు, రంగు, వాసన కలిపి, వేడి ఆరకముందే అచ్చులగుండా నడిపిస్తారు. చల్లారినపుడు అది స్ఫటికంగా కాక గాజువలె గట్టిపడుతుంది. అందుకే నారింజ బిళ్ళను వెలుగుకు ఎత్తి పట్టుకుంటే లోకమంతా నారింజరంగులో కనబడేది. “మా దగ్గర 1600 డిగ్రీలు, వాళ్ళ దగ్గర 150. మిగతా పద్ధతి ఒకటే. కరిగించు, పోయి, వేడిమీదే ఆకారం ఇవ్వు” అనేవారు నాన్నగారు. లోహశాస్త్రం తెలిసిన మిత్రులు ఈ పోలికకు నవ్వవచ్చు. మాకు మాత్రం కర్మాగారం లోపల ఏమి జరుగుతుందో మొదట బోధపడినది ఈ విధంగానే.

వేసవి సెలవులలో రాయపూర్ నుండి తిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం వెళ్ళే బండిలో స్వగ్రామానికి పోయేవారము. అక్కడి తీర్థాలలో జీళ్ళు దొరికేవి. బెల్లపు పాకాన్ని కొక్కేనికి తగిలించి, లాగి, మడిచి, మళ్ళీ లాగి, గోధుమరంగు పాకం తెల్లబడేవరకు ఆ మనిషి చేతులు ఆగేవి కావు. లాగినకొద్దీ గాలి చేరి పాకం తెల్లబడుతుందట. ఎంతకూ తెమలని వ్యవహారాన్ని మన పెద్దలు ‘జీళ్ళపాకం’ అని ఎందుకన్నారో ఆ కొక్కెం ముందర ఒక్క పావుగంట నిలబడినవారికి వేరే చెప్పనక్కరలేదు. తిరిగి వచ్చేటపుడు అమ్మమ్మ కట్టి ఇచ్చిన నువ్వుల జీళ్ళను వీధిలోని మిత్రులకు పంచితే, వారు తమ ఇంటి ముర్రా లడ్డూలు తెచ్చి ఇచ్చేవారు. మరమరాలను అక్కడ ముర్రా అంటారు.

నమిలినకొద్దీ సాగే వస్తువు మనకు కొత్త కాదన్నమాట. అయినా బబుల్‌గమ్ జాడీ బల్లమీదికి వచ్చిన నాడు మిగిలిన జాడీలన్నీ చిన్నబోయాయి. తినే వస్తువును మింగరాదన్న నియమమే మాకు ఒక వింత. మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని ఒకరు, ప్రేగులు అంటుకుపోతాయని మరొకరు భయపెట్టేవారు. రెండూ నిజం కావు. పొరపాటున మింగినది సాధారణంగా దానంతటది బయటికి పోతుందని వైద్యులు చెబుతారు. ఆ సంగతి తెలియక మా తమ్ముడు ఒక రాత్రంతా కడుపు పట్టుకుని మేలుకుని ఉన్నాడు.

చెట్టు మాట పూర్తిగా అసంబద్ధమూ కాదు. పూర్వం ఈ జిగురును సపోటా చెట్టు పాలతోనే చేసేవారు. పచ్చి సపోటా కొరికినవారికి పెదవులకంటే ఆ బంక గుర్తుండే ఉంటుంది. ఆ పాలు మెక్సికో అడవుల నుండి అమెరికాకు చేరి, పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో పెద్ద వ్యాపారమైంది. బుడగ మాత్రం 1928 నాటిది. ఫిలడెల్ఫియాలోని ఫ్లీర్ సంస్థలో లెక్కలు వ్రాసే వాల్టర్ డీమర్ అనే ఇరవై మూడేళ్ళ యువకుడు తీరిక వేళ చేసిన ప్రయోగాలలో అది కుదిరింది. ఆనాడు చేతికి అందిన రంగు గులాబీ కనుక లోకమంతటా బబుల్‌గమ్ గులాబీరంగుదే అయింది. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. మొదటి ధర ఒక సెంటు. మన అయిదు పైసల బిళ్ళకు అది విదేశీ జ్ఞాతి.

మాకు చేరిన గమ్ పేరు బిగ్ ఫన్. 1987 అక్టోబరు, నవంబరు నెలలలో మన దేశంలోనూ, పాకిస్తాన్‌లోనూ ప్రపంచ కప్ క్రికెట్ జరిగింది. భిలాయి నుండి రైలులో పోగలిగిన నాగపూర్‌లో అక్టోబరు 31న చేతన్ శర్మ వరుసగా మూడు వికెట్లు పడగొట్టగా, గవాస్కర్ తన ఒకే ఒక్క వన్డే శతకం సాధించాడు. ఆ రోజులలో గమ్ చుట్టిన కాగితాలమీద ఆటగాళ్ళ బొమ్మలు, పరుగులు, వికెట్లు ఉండేవి. వాటిని కూడబెట్టి దుకాణంలో ఇస్తే చిన్న పుస్తకం ఇచ్చేవారు. బొటనవ్రేలితో పేజీలను జారవిడిస్తే అందులోని ఆటగాడు బంతిని కొట్టేవాడు. వీధిలో నలుగురికి ఆ పుస్తకం వచ్చింది. మా అన్నదమ్ములు ముగ్గురికి రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ వానాకాలంలో నాన్నగారికి టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టారు. అమ్మ తిరుపతి వెంకన్నకు మ్రొక్కుకుని, పసుపు నీటిలో తడిపిన గుడ్డలో ముడుపు కట్టింది. కూరల చిల్లరలో మిగిలిన ప్రతి అర్ధరూపాయికీ పసుపు రాసి అందులో చేర్చేది. నాన్నగారు కోలుకున్నారు. వేసవిలో తిరుపతి ప్రయాణమని నిశ్చయమైంది. ముడుపు దేవుని పటం వెనుక మేకుకు వ్రేలాడుతున్నది. మాకు పరుగులు తక్కువపడుతున్నాయి. గమ్ ధర అర్ధరూపాయి.

ఎనిమిది నాణేలు తీశాము. ఎవరు మొదట అన్నారో, ఎవరు ముడి విప్పారో నేటికీ మా ముగ్గురి మధ్య ఏకాభిప్రాయం లేదు. దుకాణం కాకా ఒక నాణేన్ని తిప్పి చూసి, వ్రేలికి అంటిన పసుపును చూసి, “పూజ డబ్బులా?” అని అడిగాడు. కాదన్నాము. ఆయన మరి మాట్లాడక గమ్ములు లెక్కపెట్టి ఇచ్చాడు గాని, ఆ ఎనిమిదింటినీ గల్లాపెట్టెలో వేయలేదు. ఒక కాగితంలో పొట్లం కట్టి పైన అరలో పెట్టాడు. పుస్తకం వచ్చింది. ఇంటికి పోయే త్రోవలోనే ఒకసారి తిప్పి చూశాము. నవంబరు 5న బొంబాయి సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ చేతిలో మన జట్టు ఓడిపోయినపుడు, అది మా పాపఫలమేనని మా ముగ్గురికీ లోలోపల సందేహం లేదు.

ఆదివారం ఆదివారం మాకు తలా ఒక పావలా ఇచ్చేవారు. ఆరు ఆదివారాలు ఒక్క బిళ్ళ కొనలేదు. సాయంకాలం మార్కెట్‌కు పోయి జాడీలను దూరంనుండి చూసి వచ్చేవారము. నాలుగవ వారమో, అయిదవ వారమో కాకా మూత తిప్పి మూడు నారింజ బిళ్ళలు బల్లమీద పెట్టి, “డబ్బు వద్దులే” అన్నాడు. మా తమ్ముడు చేయి చాపబోయి పెద్దన్నయ్య ముఖం చూసి వెనుకకు తీసుకున్నాడు. కాకా ఆ మూడింటినీ తిరిగి జాడీలో వేశాడు. నాలుగు రూపాయలు పూర్తయిన నాడు పావలాలను అర్ధరూపాయలుగా మార్చి ఇమ్మని ఆయననే అడిగాము. లెక్కపెట్టి ఎనిమిది ఇచ్చాడు. పైన అరలోని పొట్లం వైపు ఆయనా చూడలేదు, మేమూ చూడలేదు.

పావలాలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. అర్ధరూపాయి చట్టప్రకారం నేటికీ చెల్లుతుంది, పుచ్చుకునేవారే అరుదు. నడుమ కొంతకాలం చిల్లరకు బదులు దుకాణాలలో బిళ్ళలే చేతిలో పెట్టేవారు, అనగా బిళ్ళయే నాణెమయింది. ఫోనుతో చెల్లింపులు వచ్చాక ఆ ఉద్యోగమూ పోయింది. మొన్న సెక్టర్ 6కు వెళ్ళినపుడు మార్కెట్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చూశాము. మూత తిప్పితే చప్పుడు రాలేదు.

1988 వేసవిలో ప్రయాణానికి ముందురోజు రాత్రి అమ్మ ముడుపు విప్పి, పీటమీద పోసి లెక్కపెట్టింది. మొత్తం సరిపోయింది. పసుపు నాణేల నడుమ ఎనిమిది తెల్లగా మెరుస్తున్నాయి. ఆమె తల ఎత్తి మా ముగ్గురినీ వరుసగా చూసింది. తరువాత లేచి వంటింటిలోకి వెళ్ళి, గిన్నెలో పసుపు తడిపి తెచ్చి, ఆ ఎనిమిదింటికీ ఒక్కొక్కదానికే రాసి ముడి వేసింది. “పడుకోండి, తెల్లవారగానే బండి” అన్నది.