డమాస్కస్ కత్తిలో గోదావరి ఉక్కు

పాత పర్షియన్ ఖడ్గాన్ని వెలుతురుకు కాస్త వంచి చూస్తే అలుగు పొడవునా సన్నని అలలు కనిపిస్తాయి. అవి ఎవరూ చెక్కినవి కావు, ఉక్కులోంచే పుట్టినవి. ఇలాంటివాటినే డమాస్కస్ కత్తులు అంటారు. అలాంటి ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు మన నిర్మల్ సీమదాకా వచ్చేవారు.

నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి ఖనిజానికి డమాస్కస్ కత్తులతో ఉన్న బంధం 19వ శతాబ్దపు ఇంగ్లిష్ రాతల్లోకి ఎక్కింది. గోదావరి దాటితే, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. 1820ల తొలినాళ్లలో డాక్టర్ హెన్రీ వాయ్‌సీ అక్కడి కొలిమి పనిని చూసి రాసిపెట్టాడు. ఆయన పోయాక, 1832లో అది బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఉక్కు బేరానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుస్సేన్ ప్రస్తావన కూడా అందులో ఉంది.

కోనసముద్రం కమ్మరులు ఒక్కచోటి ఇనుముతో సరిపెట్టుకోలేదు. మెట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు కలిపి మట్టి మూసలో పెట్టేవారు. తిత్తులు ఊదుతూ 24 గంటలు మంట నిలిపేవారు. చల్లారాక మూస పగలగొడితే 700 గ్రాముల లోపు ఉక్కు బిళ్ల దొరికేది. సుత్తికి లొంగనంత గట్టిది. దానికి మట్టి పూసి మళ్లీ 12 నుంచి 16 గంటలు కాచి చల్లార్చేవారు. మెత్తబడేదాకా మూడు నాలుగుసార్లు ఇదే పని.

ఈ ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. తగుమాత్రం వేడిలో ఓపికగా సాగగొడితే గట్టి కార్బైడ్ రేణువులు వరుసలు కడతాయి. ఆమ్లం పూయగానే అవి తెల్లగా, మిగతాది నల్లగా తేలుతుంది. ఫారడే అంతటి శాస్త్రవేత్త 1819లో ఈ ఉక్కును పరీక్షించాడు. ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వనేడియం వంటి లోహాలే ఆ వరుసలకు మూలమని 1998లో అమెరికాలో ప్రొఫెసర్ వెర్హోవెన్, కత్తులు చేసే పెండ్రే కలిసి తేల్చారు.

ఇప్పుడు ‘డమాస్కస్’ పేరుతో అమ్మే వంటింటి కత్తులు చాలావరకు వేరు. రెండు రకాల ఉక్కు రేకులను పేర్చి, అతికించి, మడిచి గీతలు రప్పిస్తారు. అదీ పనితనమే, కానీ మూస ఉక్కు కాదు.

2010లో బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి, ఖనిజం కరిగించాక మిగిలే చిట్టెం దిబ్బలను, మూస పెంకులను నమోదు చేశారు. మన ఉక్కు చరిత్రకు నేల మీద మిగిలిన సాక్ష్యం అదే. మీ ఊరి చివర అలాంటి నల్లరాళ్ల దిబ్బ ఉంటే, చదును చేయించే ముందు పురావస్తు శాఖకు ఒక మాట చెప్పండి.