నల్లని చేను... ఎర్రని నీరు

వరి నాటిన నెలన్నరకు గట్టు మీద నిలబడి రైతు ‘చేను నల్లగా ఉంది’ అన్నాడంటే అతని మనసు కుదుటపడిందని అర్థం. పట్నం నుంచి వచ్చిన చుట్టానికి ఆ పొలంలో నలుపు ఎక్కడా కనిపించదు. ఎటు చూసినా ఆకుపచ్చే. ఆ ఆకుపచ్చలో నత్రజని బాగా అందిన ముదురుతనం ఉంది, దుబ్బు కట్టిన బలం ఉంది. అదంతా రైతు ‘నల్లగా’ అన్న ఒక్క మాటలో పెట్టాడు. ‘పాలిపోయింది’ అంటే ఎరువు చాల్లేదని. పత్తి చేను ‘ఎర్రబారింది’ అంటే మెగ్నీషియం లాంటి పోషకమేదో తగ్గిందేమోనన్న అనుమానం. మరీ నల్లబడిపోతే అదీ భయమే. యూరియా ఎక్కువైన వరి గాలికి పడిపోతుంది, తెగుళ్ళను పిలుచుకుంటుంది.

ఈ పరీక్షకే శాస్త్రవేత్తలు ఒక సాధనం తయారుచేశారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆసియా రైతుల్లో ప్రచారం చేసిన ఆకు రంగు పట్టిక అది. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ స్కేలు. దాని మీద పసుపు కలిసిన లేత ఆకుపచ్చ మొదలుకొని ముదురు ఆకుపచ్చ దాకా పట్టీలుంటాయి. పూర్తిగా విచ్చుకున్న కొత్త ఆకును పట్టీ మీద ఆనించి, ఎండ నేరుగా పడకుండా మన నీడలో పెట్టి చూడాలి. ఏ పట్టీతో కలిస్తే ఆ అంకెను బట్టి యూరియా వేయాలో, ఆగాలో తెలుస్తుంది. పట్టిక చెప్పేది అంకె. రైతు చెప్పేది విశేషణం. రెండూ ఒకే ఆకును చదువుతున్నాయి.

రంగుకు విశేషణం వెతకడం కవులకూ చిత్రకారులకూ సంబంధించిన పని అనుకుంటాం. ఆ మాటలు ఎక్కువగా పుట్టింది మాత్రం పనిపాటల్లో. ఎవరికి ఏ రంగుతో అవసరం పడిందో వాళ్ళు దానికి మాట కట్టుకున్నారు. గోదావరికి తొలి వరద రాగానే ఒడ్డున జాలర్లు ‘ఎర్రనీరు వచ్చింది’ అంటారు. ఆ నీటికి ఎదురీదుతూ పులస వస్తుంది. ఎర్రమట్టి, ఎర్రావు, ఎర్రచందనం, ఎర్రనీరు... నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి, ఏ రెండూ ఒక్క రంగులో ఉండవు. అయినా ఎవరూ పొరబడరు. పక్కనున్న నామవాచకమే ఎంత ఎరుపో చెప్పేస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో రంగు పోయి తెల్లబారిన కాయను ‘తాలు’ అంటారు. ఆ రెండక్షరాలతో బస్తా ధర కిందికి దిగుతుంది.

పశువుల కాపరుల మాటలు ఇంకా ముచ్చటైనవి. నల్లనిది కర్రావు, మొహాన తెలుపున్నది బొల్లావు, బూడిద వన్నెది మైల, లేత గోధుమ ఎరుపుది పుల్ల. మందలో ఒకటి తప్పిపోతే ఊరంతా వెతకడానికి ఆ ఒక్క మాట చాలు. కోస్తాలో పందెం కోళ్ళకు మరో పక్షి పేరే రంగు పేరవుతుంది. ఎర్ర ఈకలది డేగ, నల్లనిది కాకి, రెక్కల మీద పసుపు ఈకలున్నది నెమలి, నలుపూ ఎరుపూ పసుపూ కలగలిసింది కౌజు. కోడిపందేలను చట్టం నిషేధించింది, అది సబబే. ఆ మాటలను మాత్రం పందెంతోపాటు పారేసుకోనక్కర్లేదు.

తొట్టిలో మారే రంగు

అద్దకం పనివాళ్ళకు రంగు నిలకడగా ఉండే సరుకు కాదు. నీలిమందు తొట్టిలో ముంచి తీసిన గుడ్డను మొదటిసారి చూసినవాళ్ళు నమ్మలేరు. బయటికి వచ్చిన క్షణాన అది పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగులుతున్నకొద్దీ అంచుల దగ్గర మొదలై చూస్తూండగానే నీలిలోకి తిరుగుతుంది. ఒక్క ముంపుకు లేత నీలం, మళ్ళీ మళ్ళీ ముంచితే చిక్కని నీలం. ‘చిక్కని’ అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. పోగు మీద పొర మీద పొర రంగు పేరుకుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో ఊరవేసిన నీళ్ళలో కలం ముంచి దాని మీద గీస్తే, కరక్కాయ తగిలిన చోట గీత నల్లబడుతుంది. పటిక నీళ్ళు పూసిన చోటు తర్వాత ఉడకబెట్టినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. గుడ్డ మీది ఎరుపు పటికతో కలిసి పుట్టిన ఎరుపు, అందుకే ఉతుకుడుకు నిలుస్తుంది. సీసా రంగు పూసిన ఎరుపు వేరు. రెండింటికీ ‘ఎరుపు’ అని ఒకటే పేరు పెట్టి ఊరుకుంటే ఆ కష్టమంతా కనిపించకుండా పోతుంది.

మగ్గం మీదికి వస్తే రంగుకు ఇంకో గుణం తోడవుతుంది. ధర్మవరం పట్టులో పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేసి నేస్తారు. చీర మడత కదిలినప్పుడు ఒక వైపు నుంచి నీలం, ఇంకో వైపు నుంచి ఆకుపచ్చ తళుక్కుమంటాయి. దానికి నెమలికంఠం అని పేరు పెట్టినవాళ్ళు నెమలి మెడ కదిలినప్పుడల్లా వన్నె మారడం గమనించిన మనుషులు. రంగు పట్టికలో ఏ గడిలోనూ ఈ రంగు దొరకదు. అది కదలికలో ఉంటుంది.

చీరల కొట్టులో వినండి. చిలకపచ్చ, వంకాయ రంగు, కనకాంబరం, గంధం రంగు, చింతపిక్క రంగు, ఉల్లిపొర రంగు, నేరేడు పండు రంగు. వాటి పక్కనే రాణీ కలరు, బాటిల్ గ్రీన్. ఇంగ్లిష్ మాటలు వచ్చాయని బాధపడేవాళ్ళున్నారు. నాకు ఆ బాధ లేదు. సీసాను చూసి ఆకుపచ్చకు పేరు పెట్టడమూ, చిలకను చూసి పెట్టడమూ ఒకే బుద్ధి. మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు గుడ్డ ఎంచుకునే ఆడవాళ్ళు చీర చెంగునూ ఆ ముక్కనూ పట్టుకుని గుమ్మం బయటికి వస్తారు. ట్యూబులైటు కింద కలిసినట్టున్న రెండు రంగులు ఎండలో విడిపోతాయని వాళ్ళకు తెలుసు. రంగుకు విశేషణం చెప్పాలంటే ఏ వెలుతురులో చూశామో కూడా చెప్పాలన్న పాఠం ఆ గుమ్మం దగ్గరే ఉంది.

వస్తువు, వయసు, మెరుపు

తెలుగువాళ్ళు రంగును వర్ణించే తీరును దగ్గర నుంచి చూస్తే మూడు ప్రశ్నలకు జవాబులు వినిపిస్తాయి. దేనిలా ఉంది? ఎంత వయసుది? వెలుగును ఎలా పట్టుకుంటోంది? మొదటిదానికి చిలకా, వంకాయా ఉన్నాయి. రెండోదానికి లేత, దోర, ముదురు, పండు, వెలిసిన, మాసిన, కందిన, కమిలిన. చెట్టు మీది కాయకు వాడే మాటలే చాలావరకు రంగుకూ వాడతాం. మూడోదానికి మన జంట మాటలున్నాయి. నల్లని జుట్టు నిగనిగలాడుతుంది, బంగారం ధగధగలాడుతుంది, తోమిన ఇత్తడి తళతళలాడుతుంది, నిప్పు కణకణలాడుతుంది, జ్వరం పడ్డ మొహం వెలవెలపోతుంది. వీటిని అటూ ఇటూ మార్చలేం. ఇత్తడిని కణకణ అనడానికి నోరు రాదు. ఇంత కచ్చితమైన విశేషణాలు పెట్టుకుని ‘డార్క్’, ‘లైట్’ అన్న రెండింటితో సరిపెట్టుకోవడం మనకు మనం చేసుకుంటున్న నష్టం.

ఈ పద్ధతి మనదొక్కరిదే కాదు. ఎడిన్‌బరోలో పూల బొమ్మలు వేసే పాట్రిక్ సైమ్ 1814లో ఒక రంగుల పుస్తకం వేశాడు. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ పెట్టిన రంగుల పేర్లు దానికి ఆధారం. ప్రతి రంగు పక్కనా అది జంతువులో, మొక్కలో, ఖనిజంలో ఎక్కడ కనిపిస్తుందో రాశాడు. ప్రష్యన్ నీలానికి అడవి బాతు రెక్క మీది మచ్చను చూపించాడు. చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడలో ఆ పుస్తకాన్ని వెంట తీసుకెళ్ళి, తాను చూసిన జీవుల రంగులను ఆ పేర్లతోనే రాసుకున్నాడు. కెమెరా లేని ఆ రోజుల్లో చచ్చాక వన్నె మారిపోయే ప్రాణుల అసలు రంగును దాచగలిగింది మాటే.

1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే ఇద్దరు అమెరికన్లు 98 భాషలను పోల్చి, మూల రంగుల పేర్లు ఒక వరసలో పుడతాయని వాదించారు. ముందు నలుపూ తెలుపూ, ఆపైన ఎరుపు, తర్వాత పచ్చా పసుపూ, ఆ తర్వాత నీలం. ఆ వాదం మీద చర్చ ఇంకా సాగుతోంది. ‘పచ్చ’ను మనం పసుపుకూ ఆకుకూ కలిపి వాడుతుంటాం. కళ్ళు పచ్చబడ్డాయంటే కామెర్లు, కాపురం పచ్చగా ఉందంటే సుఖం. ఏది ఏ పచ్చో సందర్భమే తేలుస్తుంది. నేటి ఫోన్ తెర కోటీ 67 లక్షలకు పైగా రంగులు చూపగలదు, ప్రతిదానికీ ఒక అంకె ఉంది. తెరకు అది సరిపోతుంది. మనుషులు ఒకరికొకరు చెప్పుకోవడానికి మాటే కావాలి.

ఒక చోట మాత్రం మన రంగు విశేషణాలను మానుకోవాలి. పెళ్ళిచూపుల మాటల్లో అమ్మాయిని ‘చామనఛాయ’, ‘రంగు తక్కువ’ అని తూచడం క్రూరత్వం. కృష్ణుణ్ణి నల్లనయ్యా అని నోరారా పిలుచుకునే జాతికి అది తగదు.

పని పోతే మాట పోతుంది. ఎడ్ల స్థానంలో ట్రాక్టరు వచ్చాక పుల్ల, మైల అన్న మాటలు ఇంటి పిల్లల చెవిన పడటం లేదు. ఈ సంగతి ముందే గ్రహించిన పెద్దలు మనకున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. ఊరూరా తిరిగి పనివాళ్ళ నోట విని రాసుకున్న మాటలవి. రంగుల కోసం అలాంటి సంపుటం ఒకటి ఇప్పుడు కావాలి. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పూనుకుంటే ఇది కష్టమేమీ కాదు. అందాకా బడి పంతుళ్ళు ఒక పని చేయవచ్చు. పిల్లలతో పది రకాల ఆకులు తెప్పించి, ‘ఆకుపచ్చ’ అన్న మాట వాడకుండా ఒక్కొక్కదాని రంగూ చెప్పించండి. వాళ్ళకు మాట తట్టకపోతే ఇంట్లో అమ్మమ్మనూ తాతనూ అడిగి రమ్మనండి. ఆ మాటలు తెలిసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు.