పొలం పనివారికి పిడుదుల బెడద, స్క్రబ్ టైఫస్ ముప్పు

ఉద్దానం జీడితోటల్లో పొదలు నరికేవారు, విజయనగరం మెట్టల్లో పశువులు మేపేవారు పిడుదును చూడగానే గుర్తిస్తారు. దాన్ని కాల్చకుండా, కిరోసిన్ పూయకుండా, పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిదానంగా లాగాలి.

అయితే అదే పొదల్లో ఉండే చిగ్గర్ నల్లి లార్వా కంటికి దాదాపు ఆనదు. స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియాను మనిషికి చేర్చేది ఇదే. కుట్టిన సుమారు 10 రోజులకు జ్వరం, తలనొప్పి వస్తాయి. చంకలోనో గజ్జలోనో నొప్పిలేని నల్లని పెచ్చు ఏర్పడవచ్చు, అందరిలోనూ కనిపించదు. మలేరియాగా భావించి ఆలస్యం చేస్తే ప్రాణాపాయం. సకాలంలో వైద్యుడు డాక్సీసైక్లిన్ ఇస్తే నయమవుతుంది. కనుక పొలం పనికి వెళ్లిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

గడ్డిపై పడుకోరాదు, బట్టలు పొదలపై ఆరవేయరాదు. ఎర్రనల్లిని లెన్సుతో చూపే క్షేత్రపాఠంలో ఈ నల్లికీ చోటుండాలని నా అభిప్రాయం.