గ్యాస్ వచ్చింది, పొగ పోలేదు

2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు దీపం-2 పథకాన్ని ప్రారంభించారు. ఒక లబ్ధిదారు ఇంటికి వెళ్లి, స్టవ్ వెలిగించి, టీ కాచారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి దీపం వెలిగింది 1999లో, డ్వాక్రా మహిళల ఇళ్లలో. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. అంటే ఉత్తరాంధ్ర పల్లె వంటింటికి గ్యాస్ మూడు విడతలుగా వచ్చింది.

అయినా చలికాలం తెల్లవారుజామున కవిటి, సోంపేట వైపు ఒకసారి వెళ్లి చూడండి. ప్రతి పెరట్లోనూ పొగే. మూడు రాళ్ల మీద మసిబారిన నీళ్ల కాగు, కింద కొబ్బరి మట్టలు, జీడికొమ్మలు, సరుగుడు కర్రలు. రాత్రి మంచుకి తడిసిన కర్ర ఓ పట్టాన అంటుకోదు, చివర్ల నుంచి నురగ కక్కుతుంది. ఇల్లాలు వంగి ఊదుగొట్టంతో ఊదుతుంది. ఊదిన ప్రతిసారీ ఆమె పీల్చేది ఆ పొగనే. అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "వంటకి గేసు ఉన్నాది గానీ, నీళ్లకి కర్రలే గదా!"

ఆమె లెక్కలో తప్పు లేదు. ఇంటిల్లిపాది స్నానాలకీ గ్యాస్ వాడితే సిలిండరు నెల తిరగదు. తోటలో రాలిన మట్టకి డబ్బు కట్టక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ఉద్దానం ప్రాంతపు కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు ఆ చెట్లు ఎన్నో ఇళ్లకు వంటచెరకయ్యాయి. పైగా ఉచిత సిలిండరుకీ ముందు డబ్బు కట్టాలి, తర్వాత అది ఖాతాలో పడుతుంది. కూలి డబ్బులు వచ్చేదాకా ఆగే ఇంట్లో ఆ 'ముందు' పెద్ద మాటే. ఉజ్వల కుటుంబాలు దేశం మొత్తం మీద ఏడాదికి సగటున వాడినది 2019-20లో 3 సిలిండర్లు, 2023-24లో 4కి దగ్గర. అయిదుగురున్న ఇంట్లో మూడు పూటలా వంటకి అవి చాలవు. మిగతాదంతా కర్రల మీదే సాగుతోందని అర్థం.

ఇంట్లో గాలి అనగానే మనకి హైదరాబాదు ఫ్లాటు, ప్యూరిఫయరు గుర్తొస్తాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ మాట పొయ్యి దగ్గర మొదలవ్వాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల్లోని 420 పల్లె ఇళ్లలో గాలిని కొలిచి, డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందం 2004లో ఫలితాలు ప్రకటించింది. గ్యాస్ వాడే ఇళ్లలో సన్నటి ధూళి రోజు సగటున ఘనపు మీటరుకి 73 మైక్రోగ్రాములు. కర్రలు, పిడకల వంటి ఇంధనాలు వాడే ఇళ్లలో అది 732 దాకా ఉంది. పదింతలు! ఆడవాళ్లలో ఎక్కువగా పీల్చింది 15 నుంచి 40 ఏళ్ల లోపువాళ్లు, అంటే వండేవాళ్లూ వాళ్లకి సాయం చేసేవాళ్లూ. మగవాళ్లలో ఎక్కువ పీల్చింది 65 దాటిన ముసలివాళ్లు. పనికి పోలేక ఇంటిపట్టునే ఉంటారు గనక ఆ పొగలో వాళ్లకీ వాటా దక్కింది.

ఇంటిపొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పసిపిల్లల్లో న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపవుతుందనీ చెప్పింది. ఊపిరితిత్తులు దెబ్బతిని వచ్చే ఆయాసం, కంటి శుక్లం, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు కూడా ఈ ఖాతాలోనివే.

మన ఇళ్లు మారిన తీరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తుపాను గాలికి తట్టుకోవాలని ఈ తీరంలో చుట్టిళ్లు కట్టుకున్నారు. లోపల పొగ ఉండేది, కాదనను. కానీ తాటాకు కప్పు సందుల్లోంచి కొంతైనా బయటికి పోయేది. సీతంపేట ఏజెన్సీలో సవరలు, జాతాపులు పొయ్యి మీద దూలానికి మొక్కజొన్న పొత్తులు వేలాడదీసేది ఆ పొగకి విత్తనానికి పురుగు పట్టకూడదనే. ఇప్పుడు కప్పు స్లాబయింది. వంటగది ఓ మూలకి పోయింది, దానికి చిన్న కిటికీ, ఆ కిటికీకి దొంగల భయంతో, దోమల భయంతో వేసిన తలుపు. వాన పడితే పెరటి పొయ్యి ఆ గదిలోకే వస్తుంది. మట్టి ఇల్లు పోయి స్లాబు ఇల్లు రావడం నిజంగా మంచిదే. కానీ పొగ వెళ్లే దారి గురించి మేస్త్రీ అడగలేదు, మనమూ చెప్పలేదు.

ఈ నేల మీద ఇంటిపొగకి మరో రూపం ఉంది: అడ్డపొగ. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, అదీ ఎక్కువగా ఆడవాళ్లలో. అప్పటి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల్ని పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా చదివింది. ఆ పల్లెవాసుల్లో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. అంగిలి మీద వచ్చే పుండ్లకీ క్యాన్సరుకీ ఈ జిల్లా పేరు వైద్య గ్రంథాలకెక్కింది. ఈ తరంలో ఆ అలవాటు తగ్గింది. కానీ అరుగు మీద నాయనమ్మ చుట్టపొగ ఆమె ఒడిలో పడుకున్న మనవడికీ చేరుతుంది. నోటి పుండు గురించి చెబుతున్నంతగా ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

దోమల కాయిల్ సంగతి మరీ దారుణం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. కిటికీలు బిగించి, బిడ్డ మంచం కింద కాయిల్ వెలిగించేవాళ్లు ఈ లెక్క తెలుసుకోవాలి. దోమతెర దానికి వందరెట్లు మేలు. ఏజెన్సీలో మలేరియా నివారణకి ఇచ్చిన దోమతెరలు చేపలు పట్టడానికో, పాదులకు కంచెగానో పోకుండా మంచం మీదే ఉంటే చాలు.

ఏం చెయ్యాలో చెప్పడం కష్టం కాదు. అన్నిటికన్నా ముందు నీళ్ల పొయ్యిని ఇంటి గోడకి దూరంగా, గాలి వాలున పెట్టండి. కర్రలు వానాకాలానికి ముందే ఎండబెట్టి కప్పు కింద పేర్చుకోండి, ఎండిన కర్రకి పొగ తగ్గినట్టు కళ్లకే తెలుస్తుంది. ప్లాస్టిక్ కవరుతో మంట రాజెయ్యకండి. పలాస చుట్టుపక్కల దొరికే జీడిపిక్కల పెంకు పొయ్యిలో వెయ్యకండి, దాని నూనె చర్మాన్నే కాలుస్తుంది, పొగ ఊపిరితిత్తుల్ని వదులుతుందా? చలికి కుంపటి పెట్టి తలుపులు మూసుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెచ్చే పని. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. గ్యాస్ మీద పోపు పెట్టినా కిటికీ తెరవండి. స్లాబు వేసే ముందే ఎగ్జాస్ట్ ఫ్యానుకి గోడలో కన్నం వదలమని మేస్త్రీకి చెప్పండి. కుండీ మొక్కలు గాలిని కడిగేస్తాయన్న ప్రచారం నమ్మి డబ్బు పెట్టకండి. అందం కోసమైతే పెంచుకోవచ్చు గానీ, గదిలో పొగని అవి లాగెయ్యలేవు.

ప్రభుత్వానికి మూడు విన్నపాలు. సిలిండరు డబ్బు ముందు కట్టించుకోకుండా ఇవ్వండి. కొండ మీది గూడేనికి బండి ఎక్కలేని చోట 5 కిలోల సిలిండరు అందుబాటులో ఉంచండి. కాలనీ ఇళ్ల ప్లానులో పొగ పోయే దారి తప్పనిసరి చెయ్యండి.

ఇక చదువుతున్న మీకు. ఇంట్లో అమ్మకో అత్తకో దగ్గు నెలల తరబడి తగ్గకపోతే, మెట్టెక్కితే ఆయాసం వస్తుంటే, వయసు వల్లలే అని వదిలెయ్యకండి. ఆస్పత్రికి తీసుకెళ్లండి. డాక్టరు అడగకపోయినా ఆమె ఎన్నేళ్లుగా కర్రల పొయ్యి ముందు కూర్చుంటోందో మీరే చెప్పండి.